ఎండే చెరువు దగ్గర పక్షులు చూడటం: ఉగాది నుంచి మృగశిర దాకా

పక్షులు చూడాలంటే చలికాలమే అనుకునేవాళ్లు ఎక్కువ. సైబీరియా నుంచి, హిమాలయాల అవతల నుంచి వచ్చే బాతులు కావాలంటే ఆ మాట నిజమే. మన ఊరి పక్షుల సంసారం చూడాలంటే మాత్రం ఏప్రిల్, మే నెలలే సరైనవి. జోడు కట్టడం, రంగు మారడం, గూడు, గుడ్లు, పిల్లలకు మేత, అన్నీ ఈ రెండున్నర నెలల్లోనే కనిపిస్తాయి. పైగా నీళ్లు తగ్గిపోతాయి కాబట్టి చుట్టూ నాలుగైదు కిలోమీటర్లలో ఉన్న ప్రాణులన్నీ మిగిలిన ఆ కాస్త నీటి దగ్గరికి రాక తప్పదు. అందువల్ల ఈ కాలంలో దూరం వెళ్లి వెతకడం కన్నా దగ్గర్లో ఒక్క చెరువు ఎంచుకుని, వారానికోసారి అదే చోట కూర్చోవడం మేలు. ఈ మార్గదర్శి అంతా ఆ పద్ధతి మీదే నడుస్తుంది.

చెరువు ఎంచుకోవడం

నిండుగా ఉన్న పెద్ద చెరువు వద్దు. అందులో పక్షులు నడిమధ్యకు పోయి చుక్కల్లా కనిపిస్తాయి. మూడొంతుల్లో ఒక వంతు నీళ్లు మిగిలి, చుట్టూ బురద, దాని చుట్టూ ఎండి పగుళ్లిచ్చిన శిఖం భూమి (నీళ్లు తగ్గితే బయటపడే చెరువు నేల) ఉన్న మధ్యరకం చెరువు చూసుకోండి. కట్ట మీద నాలుగు తుమ్మలో, తాళ్లో, ఒక మర్రో ఉంటే ఇంకా మంచిది. నీళ్లు చివరిదాకా నిలిచేది కట్ట వైపు, తూము దగ్గర. శిఖం వైపు ముందు ఎండుతుంది. అంటే మే నెల వచ్చేసరికి నీళ్లు మీరు నిలబడే కట్టకు దగ్గరవుతాయి. దుర్భిణి (బైనాక్యులర్) అంత మంచిది కాకపోయినా పని జరిగేది ఇందుకే.

వెలుతురు ఎటు నుంచి వస్తుందో చూసుకోకుండా చోటు ఖాయం చేసుకోవద్దు. పొద్దున సూర్యుడు మీ వీపు మీద పడాలి. అంటే మీరు చెరువుకు తూర్పున ఉండి పడమరకు చూడాలి. కట్ట పడమర వైపు ఉన్న చెరువైతే అక్కడికి సాయంత్రం వెళ్లండి. ఎదురెండలో నీటికాకికీ నల్లబాతుకూ తేడా తెలియదు, అన్నీ నల్ల బొమ్మలే.

రెండు సంగతులు ఊళ్లో ముందే అడిగి పెట్టుకోండి. మొదటిది, మత్స్యకార సంఘం వాళ్లు వలలు వేసేదెప్పుడని. నీళ్లు అడుగంటాక చేపలు పట్టే రోజు గద్దలు, కొంగలు, నీటికాకులు మామూలు రోజుకన్నా ఎన్నో రెట్లు దిగుతాయి. రెండోది, పూడిక తీస్తున్నారా అని. యంత్రాలు తిరిగే వారం చెరువులో ఏమీ నిలవదు. అవి వెళ్లిపోయాక మిగిలే నిలువు మట్టిగోడలను మాత్రం తప్పకుండా గమనించండి. చిన్న పచ్చపిట్ట పసరిక అలాంటి గోడల్లోనే సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది.

వేళ

మే నడుమ హైదరాబాద్‌లో సూర్యోదయం 5:45 ప్రాంతంలో, విశాఖలో అంతకు దాదాపు 20 నిమిషాలు ముందే. సూర్యోదయానికి పావుగంట ముందు మీరు కూర్చుని ఉండాలి. నడుస్తూ ఉండటం కాదు, కూర్చుని ఉండాలి. మొదటి గంటన్నరలో కనిపించేదాంట్లో సగం కూడా ఆ తర్వాత కనిపించదు. 8:30 దాటాక శిఖం మీద ఎండమావులు లేస్తాయి. వేడి గాలి పొరలు కదిలి దుర్భిణిలో బొమ్మ వణుకుతుంది. అది అద్దాల లోపం కాదు, లక్ష రూపాయల దుర్భిణిలోనూ అంతే. అప్పుడు దూరపు బురదను వదిలేసి చెట్ల నీడకు తిరగాలి, లేదా ఇంటికి పోవాలి. సాయంత్రం 5 నుంచి చీకటి పడేదాకా రెండో విడత. మిట్టమధ్యాహ్నం పనికొచ్చేది ఒక్కటే: నీడలో నోరు తెరిచి గొంతు అదిరిస్తూ వేడి వదిలే పక్షుల్ని చూడటం. అది మీ ఇంటి కిటికీ నుంచే చూడొచ్చు.

దుర్భిణి, దాన్ని సరిచేసుకోవడం

8×42 రకం చాలు. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపుతుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో. 42ను 8తో భాగిస్తే 5.25. కంటికి చేరే వెలుతురు గుండ్రం అన్ని మిల్లీమీటర్లన్నమాట. తెల్లవారుజాము మసకలో అదే అక్కరకొస్తుంది. 10 రెట్లది కొంటే చేతి వణుకు కూడా పది రెట్లవుతుంది, చూపులో పట్టే చోటు తగ్గుతుంది. 20×, 30× అని రాసి తక్కువ ధరకు అమ్మేవాటి జోలికి పోవద్దు.

కొన్నవాళ్లలో చాలామంది చేయనిది సరిచేసుకోవడం. వరుస ఇది:

1. రెండు గొట్టాల్నీ దగ్గరికి, దూరానికి వంచుతూ రెండు గుండ్రాలు ఒక్కటిగా కలిసేలా పెట్టండి.
2. కళ్లద్దాలుంటే కంటివైపు రబ్బరు కప్పులు కిందికి దించండి. లేకపోతే పైకి తిప్పండి.
3. ముప్ఫై, నలభై అడుగుల దూరంలో ఒక బోర్డు చూసుకోండి. కుడి కన్ను మూసి, నడుమ చక్రం తిప్పి ఎడమ కంటికి అక్షరాలు స్పష్టం చేయండి.
4. ఇప్పుడు ఎడమ కన్ను మూయండి. నడుమ చక్రం ముట్టుకోకుండా, కుడి గొట్టం దగ్గరున్న రింగు మాత్రం తిప్పి కుడి కంటికి స్పష్టం చేయండి.
5. ఆ రింగు గీత ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి. ఇక మీదట నడుమ చక్రమే తిప్పాలి.

నాలుగోది వదిలేస్తే అరగంటలో తలనొప్పి వస్తుంది, నెపం ఎండ మీదకు పోతుంది. ఇంకో అలవాటు: పక్షి మీద నుంచి చూపు తిప్పకుండా దుర్భిణిని కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. దుర్భిణి పెట్టుకున్నాక పక్షిని వెతకడం మొదలుపెడితే అది ఎగిరిపోయాక దొరుకుతుంది. ఇంట్లో మేడ మీద నీళ్ల ట్యాంకుల్ని, తీగ మీది కాకుల్ని చూస్తూ వారం రోజులు సాధన చేయండి.

మిగతా సరంజామా తక్కువే. మట్టిరంగు, ఆకుపచ్చ బట్టలు, అంచు వెడల్పు టోపీ, మడమ కప్పే బూట్లు, మనిషికి లీటరున్నర నీళ్లు, చిటికెడు ఉప్పు వేసిన మజ్జిగ, చిన్న నోటుపుస్తకం, పెన్సిల్. తెల్ల చొక్కా వద్దు, చెరువు అవతలి ఒడ్డుకు కూడా కనిపిస్తుంది.

చెరువును పొరలుగా చూడటం

కూర్చున్న పది నిమిషాలూ దుర్భిణి ఎత్తకండి. మీరు రాగానే లేచిన పక్షులు మళ్లీ దిగడానికి అంత సమయం పడుతుంది. ఆ తర్వాత లోతు నుంచి మెట్టకు వరుసగా చూపు నడపండి.

లోతు నీటిలో బుడుబుంగ మునిగి తేలుతుంటుంది. ఈ కాలంలో దాని మెడ ఇటుక రంగు తేలి, ముక్కు మొదట్లో లేతపసుపు మచ్చ మెరుస్తుంది. నీటికాకులు మోడు మీద రెక్కలు చాపి ఆరబెట్టుకుంటాయి. తామరాకులు మిగిలి ఉంటే వాటి మీద నడిచే పొడుగు వేళ్ల పిట్టల కోసం నిదానంగా వెతకండి. వాటిలో ఒక రకానికి వానలు దగ్గరపడే కొద్దీ పొడుగు నల్ల తోక పెరుగుతుంది. చలికాలంలో ఆ తోక ఉండదు కాబట్టి అదే పిట్టను వేరే జాతి అనుకునేవాళ్లున్నారు.

మోకాలి లోతు నీటిలో కొంగలు. ఇక్కడే ఈ కాలపు అసలు వినోదం. నవంబరులో తెల్లగా ఉండి పశువుల వెంట తిరిగిన కొంగకు ఇప్పుడు తల, మెడ, వీపు పండు నారింజ రంగు తిరుగుతాయి. మట్టిలో కలిసిపోయే గుడ్డికొంగ వీపు ముదురు మెరూన్ అవుతుంది. ఎగరగానే తెల్లరెక్కలు మాత్రం మారవు, గుర్తుపట్టేది వాటితోనే. చిన్న తెల్లకొంగకు తల వెనక రెండు సన్నని ఈకలు వేలాడతాయి. ముక్కు సందు మూసుకోని నత్తగుల్ల కొంగ, తోక మీదుగా గులాబి రంగు రెక్క ఈకలు వాలే ఎర్రకాళ్ల కొంగ కూడా ఈ లోతులోనే దొరుకుతాయి.

బురద అంచున వలస ఉల్లంకులు ఏప్రిల్ మూడో వారం దాకా ఉంటాయి. వెళ్లే ముందు కొన్నింటికి పెళ్లి రంగులు వచ్చేస్తాయి. చలికాలమంతా బూడిదగా కనిపించినవి ఎర్రబారి ఉంటాయి. ఈ చివరి రెండు వారాలు జారవిడిస్తే మళ్లీ ఏడాది ఆగాలి.

ఎండిన శిఖం ఖాళీగా ఉందనిపిస్తుంది, కాదు. అక్కడ తీతువు ఉంటుంది. పసుపు చర్మపు మచ్చ ఉండే చిటవ అంతకన్నా ఎండిన నేల ఇష్టపడుతుంది. మట్టిగడ్డ కదిలినట్టు అనిపించే చోట దుర్భిణి ఆపండి.

చివరగా కట్ట మీది చెట్లు. తాటాకుల చుట్టూ సర్రున తిరిగే సన్నని పిట్టలు అక్కడే ఆకుల అడుగున గూళ్లు అంటించుకుంటాయి. తల విరిగిన మొండి తాటిని ఎప్పుడూ దాటిపోకండి. తెలంగాణ రాష్ట్రపక్షి పాలపిట్ట, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షి రామచిలుక, రెండూ అలాంటి తొర్రలే కోరుకుంటాయి. ఎక్కువసార్లు గోరింకలు ముందే ఆక్రమించి ఉంటాయి. పాలపిట్ట మగది నిటారుగా పైకెగసి, పల్టీలు కొడుతూ, కర్కశంగా అరుస్తూ దిగే విన్యాసం ఈ నెలల్లోనే. దసరాకు దర్శనం చేసుకునేవాళ్లు ఆ పిట్టను చూసేది దాని మామూలు రోజుల్లో. మర్రి, రావి, మేడి కాయలు పండుతుంటే చెరువును వదిలి ఆ చెట్టు కింద గంట కూర్చున్నా నష్టం లేదు. కోకిలలు, వంగపండు పిట్టలు, పచ్చపావురాలు, కంసాలి పిట్టలు వంతులవారీగా వస్తాయి. మే చివర వేపపండ్లప్పుడూ ఇదే పద్ధతి.

గుర్తుపట్టే వరుస

రంగుతో మొదలుపెట్టొద్దు. వెలుతురును బట్టి రంగు మోసం చేస్తుంది. ముందు పరిమాణం: పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా, గద్దంతా? తర్వాత ముక్కు ఆకారం, తోక పొడవు, కాళ్లు, ఏం చేస్తోంది, ఎక్కడ కూర్చుంది. రంగు ఆఖరున. ఇవి అయిదారు మాటల్లో రాసుకున్నాకే పుస్తకమో ఫోనో తెరవండి. ముందే ఫోటోలు చూస్తే చూసిన పిట్టను ఆ ఫోటోకు సరిపెట్టేస్తాం.

కొత్తవాళ్లు తడబడే జంటలు కొన్ని: లకుముకి, పాలపిట్ట రెండింట్లోనూ నీలం, గోధుమ ఉంటాయి. లకుముకికి పొడుగు ఎర్రముక్కు, గొంతు తెలుపు. పాలపిట్ట ముక్కు నలుపు, ఎగిరినప్పుడు రెక్కలో రెండు నీలాలు పట్టీలుగా తెరుచుకుంటాయి. ఆడ కోకిల నల్లగా ఉండదు, గోధుమ ఒంటి మీద తెల్లచుక్కలు, చారలు. దాన్ని డేగ అనుకోవడం మామూలే. నల్లంచి మగదాన్నీ పసుల పోలిగాడినీ కలిపేయకండి, పోలిగాడి తోక చివర రెండుగా చీలి ఉంటుంది. మే నుంచి ఇంకో చిక్కు కూడా, గూడు వదిలిన పిల్లలు. పొట్టి తోక, నోటి మూలల్లో పసుపు, ఈకలు రేగినట్టు ఉంటే కొత్త జాతి అని సంబరపడే ముందు పక్కన తల్లి ఉందేమో చూడండి.

మెర్లిన్ యాప్ ఉచితం, కూత విని పేరు సూచిస్తుంది. భారతదేశపు పక్షుల ప్యాకెట్టు ఇంటి దగ్గరే దించుకోండి, చెరువు దగ్గర సిగ్నల్ ఉండదు. అది చెప్పిన పేరు సూచన మాత్రమే, పిట్ట కంట పడేదాకా జాబితాలో రాయొద్దు. కొన్ని కూతలకు యాప్ అక్కర్లేదు. కోకిల, జెముడుకాకి దుంగ మోగినట్టు చేసే ఊఁకారం, సత్తు గిన్నె మీద సుత్తి ఆగకుండా పడినట్టు వినిపించే కంసాలి పిట్ట, తెల్లవారే ముందు పొదల్లో కౌజు అరుపు, ఇవి నాలుగూ నేర్చుకుంటే కళ్లు మూసుకునే సగం లెక్క తేలుతుంది.

ఒక్కటి మాత్రం చేయొద్దు: ఫోనులో కూత మోగించి పక్షిని పిలవడం. గూడు కాలంలో మగపక్షి దాన్ని చొరబాటుదారు అనుకుని, పిల్లలకు మేత తేవడం మాని పోరాటానికి వస్తుంది.

గూళ్ల దగ్గర

ఈ కాలంలో పక్షులు చూసేవాళ్లు చేసే కీడు అంతా ఇక్కడే జరుగుతుంది. తీతువు మీ తల మీద తిరుగుతూ అరుస్తోందంటే, మీరు గుడ్లకు దగ్గరగా ఉన్నారని అర్థం. దానికి గూడంటూ ఉండదు, నేల మీద చిన్న గుంట, చుట్టూ గులకరాళ్లు, మట్టిరంగు గుడ్లు సాధారణంగా నాలుగు. చలిదేశాల్లో తల్లి గుడ్లను వెచ్చబెట్టడానికి పొదుగుతుంది. మన మే నెలలో పగలు అది చేసేది నీడ పట్టడం. పొట్ట ఈకలు చెరువులో తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుంది కూడా. మీరు ఫోటో కోసం అయిదు నిమిషాలు అక్కడే నిలబడితే ఆ గుడ్లు కాలే నేల మీద ఎండకు బట్టబయలు. అందుకే అరుపు వినగానే ఆగి, మీ అడుగుజాడల్లోనే వెనక్కు నడవండి. పక్కకు తిరిగితే గుడ్లు తొక్కే ప్రమాదం ఉంది.

చెట్టుగూడు అయితే ముప్ఫై మీటర్లకు తగ్గకుండా ఉండండి. తల్లి నోట్లో మేత పట్టుకుని గూట్లోకి పోకుండా కొమ్మ మీద కూర్చుంటే, అడ్డం మీరే. ఆకులు తుంచి గూడు కనిపించేలా చేస్తే కాకులకు దారి చూపినట్టే. మీరు తరచూ పోయే కాలిబాటను కుక్కలు, ముంగిసలు వాసన పట్టి గూడు దాకా వస్తాయి. గుడ్లను, గూళ్లను చెరపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా.

కింద పడిన పిల్ల కనిపిస్తే: ఒంటినిండా ఈకలుండి గెంతుతుంటే అది పడిపోలేదు, ఎగరడం నేర్చుకుంటోంది. కుక్కలుంటే పక్క కొమ్మ మీద పెట్టి దూరం జరగండి, తల్లి వస్తుంది. ఎండదెబ్బకు సోలిన పెద్దపక్షిని చిల్లులున్న అట్టపెట్టెలో గుడ్డ పరిచి నీడలో ఉంచండి. నోట్లో నీళ్లు పోయకండి, శ్వాసనాళంలోకి పోయి అదే చంపుతుంది. పెట్టెలో చిన్న మూతలో నీళ్లు పెడితే చాలు.

పగటి పక్షులు కాక

కట్ట రాళ్ల మీద తొండల్ని చూడండి. మగ తొండకు ఈ కాలంలో తల, గొంతు ఎర్రబడతాయి, రాయెక్కి దండాలు తీస్తుంది. బండలున్న దక్కన్ ప్రాంతంలో బండతొండ ఇంకా ముదురు ఎరుపు, నలుపు తిరుగుతుంది. ఉడుము చెరువంచున గుడ్ల కోసం తిరుగుతుంది. పొద్దుగుంకాక మట్టిదారి మీద నుంచి లేచే అస్కప్రిగాడు అనే రాత్రి పిట్ట, తొర్రలో నుంచి తల ఊపే పైడికంటె అనే చిన్న గుడ్లగూబ, వరుసగా నీళ్లకు వచ్చే నక్కలు, చీకటి పడ్డాక అరగంట ఆగితే కనిపించేవి ఇవి. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, నేరుగా కళ్లలోకి కొట్టకండి.

జాగ్రత్తలు మూడు. పైకి ఎండి పగుళ్లిచ్చిన బురద లోపల మెత్తగా ఉంటుంది, తొడ దాకా దిగిపోతారు. పశువుల డెక్కల గుర్తులు లోతుగా ఉన్న చోట అడుగు వేయొద్దు. రెండోది పాములు: రక్తపింజర ఎండుటాకుల్లో కదలకుండా పడి ఉంటుంది, కూర్చునే ముందు కర్రతో చోటు తట్టండి. కాటు వేస్తే కట్లు బిగించడం, కోయడం మాని, కాలు కదలకుండా నేరుగా విషవిరుగుడు ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. మూడోది ఎలుగుబంటి: ఇప్పపూలు రాలే రోజుల్లో నల్లమలలో, జీడిమామిడి, పనస పండే రోజుల్లో ఉద్దానంలో తెల్లవారుజామున ఒంటరిగా తోటల్లోకి పోవద్దు.

ఇంటి దగ్గర నీళ్ల మూకుడు

చెరువు లేని నగరంలో ఇదే మీ చెరువు. అడుగు వెడల్పు మట్టి మూకుడు తీసుకోండి, స్టీలు పళ్లెం ఎండకు కాలుతుంది. నీళ్లు అంగుళం, అంగుళంన్నర మించొద్దు, లోతైతే చిన్న పిట్టలు దిగవు, పిల్లలు మునుగుతాయి. నడుమ గరుకు రాయి ఒకటి. నీడలో, ఛాతీ ఎత్తున, పొదకు రెండు మూడు మీటర్ల దూరంలో పెట్టండి. మరీ దగ్గరైతే పిల్లి మాటు వేస్తుంది, మరీ దూరమైతే పిట్టలకు పారిపోయే చోటుండదు. రోజూ నీళ్లు పారబోసి కొత్తవి పోయండి, లేకపోతే వారం పది రోజుల్లో దోమలు లేస్తాయి. మూడు రోజులకోసారి సబ్బు లేకుండా పీచుతో రుద్దండి. నాచు పట్టిన మూకుడు రోగాల పుట్ట.

మొదట కాకులు వస్తాయి, వారం గడిచాక గోరింకలు, ఆ తర్వాతే పికిలి పిట్టలు, ఉడుతలు, తేనెపిట్టలు. పది రోజులకూ ఎవరూ రాకపోతే మూకుడు చోటు మార్చండి, నీళ్లు కాదు. ఉప్పు వేసిన అన్నం, రొట్టె పెట్టకండి. గింజలు విపరీతంగా పోస్తే పావురాలు గుంపు కట్టి మిగతావాటిని తరిమేస్తాయి.

దూరం వెళ్లేవాళ్లకు

పేరున్న చోట్లన్నీ ఈ కాలానికి పనికిరావు. నేలపట్టు గూడబాతుల సందడి, పులికాట్ రాజహంసల గుంపులు మే నాటికి చాలావరకు ఖాళీ. దానికి బదులు శ్రీ సత్యసాయి జిల్లా వీరాపురం వెళ్లండి. ఏడాది మొదట్లో వచ్చిన ఎర్రకాళ్ల కొంగలు ఊరి చింతచెట్ల మీదే పిల్లల్ని పెంచుతూ వానాకాలం మొదలయ్యేదాకా ఉంటాయి. రోళ్లపాడు గడ్డిభూమిలో బట్టమేక పిట్ట కోసం ఆశపడొద్దు, కృష్ణజింకలు, నేల పిట్టలు మాత్రం తెల్లవారుజామున బాగా కనిపిస్తాయి. అమ్రాబాద్, కవ్వాల అడవుల్లో అటవీశాఖ నింపే సాసర్ పిట్ల (పళ్లెం ఆకారపు నీటి తొట్ల) దగ్గర జంతువులు చేరేది ఈ నెలల్లోనే. అనుమతి ఉన్న సఫారీ బండిలోనే వెళ్లాలి. హైదరాబాద్ వాళ్లకు అమీన్‌పూర్ చెరువు, కేబీఆర్ పార్కు చాలు.

లెక్క రాయడం

ప్రతిసారీ తేదీ, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ, నీటిమట్టం (తూము రాళ్లలో ఎన్నోది అన్నా సరే), జాతి, సంఖ్య, ఏం చేస్తోంది. "కొంగలు చాలా" అని రాయొద్దు, తప్పయినా ఒక అంకె వేయండి. పది వరకు ఎంచి, అలాంటి కుప్పలు ఎన్నో లెక్కేస్తే పెద్ద గుంపు కూడా తేలిగ్గా తెగుతుంది. ఈబర్డ్ అనే పక్షుల లెక్కల వెబ్‌సైటులో ఎక్కిస్తే మీ ఊరి చెరువు లెక్క శాశ్వతంగా ఉంటుంది. మే రెండో శనివారం ప్రపంచమంతా ఒకే రోజు లెక్క రాసే గ్లోబల్ బిగ్ డే, మొదలుపెట్టడానికి మంచి ముహూర్తం. నేల గూళ్ల చోటు మాత్రం అందరికీ కనిపించేలా రాయకండి.

మొదటి గట్టివాన పడగానే ఈ పద్ధతి మారిపోతుంది. నీళ్లు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి, పక్షులు చెరువును వదిలి చెదిరిపోతాయి. అప్పుడు ఈతచెట్ల మీద పసుపు నెత్తి గిజిగాళ్ల గూళ్ల వైపు, జూన్‌లో నత్తగుల్ల కొంగలు దిగే శ్రీకాకుళం జిల్లా తేలుకుంచి వైపు, తడిసిన ఎర్రమట్టిలో ఆరుద్ర పురుగుల వైపు దృష్టి తిప్పండి.